వెండితెర లాంఛనములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన సంస్థకు చేయు పండుగను రజతోత్సవమందుము. చలనచిత్రములకు మాత్రము ఇరువదియైదు వారములు చాలును. ఒక చిత్రము అన్ని వారములు ఆడినచో దానికి రజతోత్సవము జరుపుట మన దేశములో ఆచారము. గ్రంథాలయమునకు వారముల లెక్క లేదు. దానికి సంవత్సరములు కావలెను, ఓపిక కావలెను, తలుపు తీయు మనిషి ప్రతిదినము రావలెను. అందుచేత ఈ రజతోత్సవము ఆ రజతోత్సవముకంటె గొప్పదని నేను భావించుచున్నాను.

గ్రంథములను గూర్చి, గ్రంథాలయోద్యమమును గూర్చి పెద్దలు చెప్పియున్నారు. నేను అందరును చూచినదే అయినను, ఎవరును నిలిచి ఆలోచింపని ఒక చిన్న విషయమును మీ ముందుంచెదను. సినిమా మొదలగుటకు ముందు తెరపై కొన్ని సెకండ్లపాటు ఒక బొమ్మ కనిపించును. ఒకచోట బూరలూదు ఇద్దరు బాలురు, ఒకచోట హనుమంతుడున్న జెండా, ఒకచోట గర్జించు సింహము. అది చిత్రమును నిర్మించిన సంస్థయొక్క చిహ్నము. మన భాషలో దానికి లాంఛనమను మంచి మాట కలదు. ఆ సంస్థలలో అనేకము నేడు లేవు. వాటి అంతస్తులు కూలినవి, స్థలములు చేతులు మారినవి. మిగిలినది ఆ లాంఛనమొక్కటే. అదియైనను మిగులునా అనునది నేటి ప్రశ్న.

లాంఛనమన్నది మన ప్రాంతమునకు క్రొత్త కాదు. ఓరుగల్లు నేలిన కాకతీయుల రాజలాంఛనము వరాహము. చదువురాని రైతు కూడ ఆ గుర్తును చూచి ఇది రాజాజ్ఞయని తెలిసికొనెడివాడు. లాంఛనము రెండు పనులు చేయును. ఇది ఫలానావారిదని చెప్పును. దీనికి మేము బాధ్యులమని మాట యిచ్చును. సినిమా సంస్థల చిహ్నములు చేసినదియు ఈ రెండు పనులే.

మొట్టమొదట ఈ చిహ్నము తెరపైకి వచ్చినది అలంకారముకొఱకు కాదు, దొంగల భయముచేత వచ్చినది. చలనచిత్రము పుట్టిన తొలి సంవత్సరములలో ఒకరు తీసిన చిత్రమునకు మరియొకరు దొంగప్రతి తీసి తమదని అమ్ముకొనుట సామాన్యముగా జరుగుచుండెను. ఫ్రాన్సు దేశమున జార్జి మెలియే అను కళాకారుడు 1902లో తీసిన చంద్రలోకయాత్ర చిత్రమునకు అమెరికాలో ఇట్టి దొంగప్రతులు బయలుదేరినవి. అప్పటి సంస్థలు ఒక ఉపాయము పన్నినవి. చిత్రము మొదట పేరు వేసినచో దొంగ దానిని కత్తిరించి పారవేయును. కావున కథ జరుగు గదిలోనే, గోడమీదనో తలుపుమీదనో, తమ గుర్తును అమర్చసాగిరి. ఫ్రాన్సుకే చెందిన పాతే సంస్థ తన కోడిపుంజు గుర్తును ఈ విధముగా రంగములందే ఉంచెడిది.

ఈ ఉపాయము మన గ్రంథపాలకులకు తెలిసినదే. పుస్తకముయొక్క ముఖపత్రముపై గ్రంథాలయ ముద్ర వేయుదురు. అంతటితో ఆగక లోపల ఒక నియమిత పుటపై కూడ ఎవరికిని తెలియకుండ ముద్ర వేయుదురు. ముఖపత్రమును ఎవరైన చింపినను లోపలి ముద్ర సాక్ష్యము చెప్పును. పాతేవారి కోడిపుంజు చేసిన పని అదియే.

తరువాత చట్టములు వచ్చినవి, దొంగప్రతుల భయము కొంత తగ్గినది. అప్పుడు చిహ్నము గోడమీదినుండి దిగి చిత్రమునకు ముఖపత్రమైనది. 1924లో ఏర్పడిన మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ సింహమును నిలిపినది. మూకీచిత్రముల కాలములో ఆ సింహమునకు శబ్దము లేదు. 1928లో ఆ గర్జన ప్రేక్షకులకు వినవచ్చినది. ఆ దినములలోనే ఏర్పడిన ఆర్‌.కె.ఓ. సంస్థ భూగోళముపై రేడియో గోపురమును నిలిపి, దానినుండి తంతివార్తల శబ్దము వినిపించినది. ఆ సంస్థ 1957లో చిత్రనిర్మాణమును మానినది. సింహము ఇంకను గర్జించుచున్నది, గోపురము పాతచిత్రములలో మాత్రమే కలదు.

మన దేశమునకు వచ్చెదము. 1929లో కొల్హాపురమున ప్రభాత్ సంస్థ ఏర్పడెను. ప్రభాతమనగా ఉదయము. అందుచేత వారు తుతారి అను కొమ్మును ఊదుచు ఉదయమునకు స్వాగతమిచ్చు స్త్రీమూర్తిని చిహ్నముగా గ్రహించిరి. కలకత్తాలో 1931లో స్థాపింపబడిన న్యూ థియేటర్స్ వారిది ఏనుగు. బొంబాయిలో మెహబూబు వారిది కొడవలి, సుత్తి. రాజ్‌కపూర్ గారిది మరియొక విధము. 1949లో వెలువడిన ‘బర్సాత్’ చిత్రములో నాయకుడు ఒక చేత ఫిడేలు, ఒక చేత నాయికను పట్టుకొన్న భంగిమయే ఆ సంస్థకు శాశ్వత చిహ్నమైనది.

ఇన్ని బొమ్మలెందుకు? పేరు అక్షరములలో వేసిన చాలదా? చాలదు. 1951 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున అక్షరాస్యులు నూటికి పదునెనిమిదిమంది మాత్రమే. డేరా సినిమాలో నేలపై కూర్చున్న నూరుమందిలో ఎనుబదిమందికి పైగా తెరపై అక్షరములు చదువలేరు. కాని బూరలూదు పిల్లలను చూడగానే ఇది జెమినీ వారిదని చెప్పగలరు. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ప్రతి అభ్యర్థికి ఒక గుర్తు ఇచ్చి, ఆ గుర్తు అతికించిన పెట్టెలో ఓటు వేయించిరి. దానికిని కారణమిదియే. లాంఛనము చదువురానివానికి ముఖపత్రము. ఈ మాటను మనస్సునందుంచుకొనుడు.

ఇక మనవారు మిక్కిలి ఎరిగిన రెండు చిత్రశాలలను గూర్చి చెప్పెదను. రెండును మదరాసువే, రెండును నేడు చిత్రశాలలుగా లేవు.

మొదటిది జెమినీ. ‘ఆనందవికటన్’ పత్రికాధిపతి యస్‌. యస్‌. వాసన్ గారు 1940 ప్రాంతమున, అగ్నిప్రమాదములో దెబ్బతిన్న ఒక చిత్రశాలను వేలములో కొని దానిని నెలకొల్పిరి. తెలుగువారికి ఆ సంస్థ 1942లో ‘బాలనాగమ్మ’ నిచ్చినది. సి. పుల్లయ్య గారు దర్శకులు, కాంచనమాల నాయిక. 1948లో వెలువడిన ‘చంద్రలేఖ’ దేశమంతట ఆ సంస్థపేరును మ్రోగించెను. బ్రహ్మాండమైన ఢంకాలపై నాట్యము చేయు ఆ రంగమును పెద్దలు నేటికిని చెప్పుకొందురు.

జెమినీ అనగా మిథునరాశి. మన జ్యోతిషమున మిథునమనగా స్త్రీపురుషుల జంట. పాశ్చాత్యులకు మాత్రము కవల సోదరులు. వాసన్ గారి చిహ్నమందలి ఇద్దరు బాలురు ఆ కవలలే. ఆ రాశిలో మిక్కిలి ప్రకాశించు రెండు నక్షత్రములకు గ్రీకులు ఆ సోదరుల పేర్లే పెట్టిరి. మనము ఆ రెంటిని పునర్వసువందుము. శ్రీరాముడు జన్మించిన నక్షత్రమది. ఏ దేశపు కథయో అనుకొన్న ఆ ఇద్దరు బాలురు మన శ్రీరామనవమికి చుట్టములని తెలిసినప్పుడు ఆ బొమ్మ మరింత దగ్గరగును. వారు బూరలూదుటలోను ఔచిత్యము కలదు. పల్లెలో ఏ ప్రదర్శనమైనను డప్పుతోనో కొమ్ముతోనో చాటింపు లేక మొదలు కాదు. యక్షగానమునకు మద్దెల, వీథినాటకమునకు తాళము, జెమినీ చిత్రమునకు ఆ బూరలు.

వాసన్ గారు 1969లో పరమపదించిరి. 1970ల దశకమున చిత్రశాల మూతపడెను. ఆ కూడలిలో 1973లో కట్టిన వంతెనకు అణ్ణా పేరు పెట్టిరి. కాని జనులు దానిని జెమినీ వంతెనయనియే పిలిచిరి, పిలుచుచున్నారు. చిత్రశాల ఉన్నచోట నేడు హోటలున్నది. స్థలము పోయినను పేరు జనుల నోట నిలిచినదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

రెండవది వాహిని, విజయల జంట. 1939లో ‘వందేమాతరం’ చిత్రముతో వాహినీ సంస్థ తెలుగు తెరకు వచ్చినది. బి. ఎన్‌. రెడ్డి గారు దర్శకులు. మూలా నారాయణస్వామి గారు ధనబలము సమకూర్చిన పెద్దలు. ఈ సంస్థకు మన జనగామ సీమ ఋణపడియున్నది. పాలకుర్తి దాపున ఉన్న మన బమ్మెరవాడని మనము గర్వించు పోతనామాత్యుని, చిత్తూరు నాగయ్య గారి రూపమున ఇంటింటికి తెచ్చిన ‘భక్త పోతన’ వాహినీవారి చిత్రము. కె. వి. రెడ్డి గారు దర్శకత్వము వహించిన తొలి చిత్రమును అదియే.

బి. ఎన్‌. రెడ్డి గారి తమ్ములు నాగిరెడ్డి గారు. ఆయనయు, చక్రపాణి గారును కలిసి 1947 జూలైలో ‘చందమామ’ పత్రికను ప్రారంభించిరి. తరువాత విజయా సంస్థను నెలకొల్పి 1950లో ‘షావుకారు’, 1951లో ‘పాతాళభైరవి’, 1955లో ‘మిస్సమ్మ’, 1957లో ‘మాయాబజార్’, 1962లో ‘గుండమ్మ కథ’ మనకిచ్చిరి. వాహినీ చిత్రశాలయు వారి నిర్వహణలోనికే వచ్చి విజయవాహిని అయినది. ఒకప్పుడు అది ఆసియాలోని పెద్ద చిత్రశాలలలో ఒకటి.

విజయావారి లాంఛనము కపిధ్వజము. గాలికి ఎగురు జెండా, దానిపై ఆంజనేయుడు. ఏల ఆ బొమ్మ? భారతము విన్నవారికి చెప్పనక్కరలేదు. విరాటపర్వమున ఉత్తరునకు అర్జునుడు తన పది పేర్లను చెప్పును. అందులో విజయుడనునది యొకటి. విజయుని రథముపై ఎగురునది కపిధ్వజము. సంస్థపేరు విజయ, కావున ధ్వజము అర్జునునిది. రాయబారపు పద్యములు నోటికి వచ్చిన మన పల్లెప్రజలకు ఈ సంబంధము ఎవరును బోధింపలేదు. తెరపై జెండా కనబడగానే వారికి తెలిసిపోయెను.

ఇక్కడ ఒక చమత్కారమును గమనింపుడు. ‘మాయాబజార్’ చిత్రమంతయు పాండవుల ఇంటి పెండ్లికథ. వరుడు అర్జునుని కుమారుడు. అయినను చిత్రములో పాండవులైదుగురిలో ఒక్కరును కనిపింపరు. కథలో రాని అర్జునుడు కథకు ముందు తన జెండాతో వచ్చి పోయినట్లున్నది కదా! ఆ తొలి సెకండ్లను కత్తిరించి చూపినచో కథకు లోటు రాదు, కాని ఈ రుచి పోవును.

చక్రపాణి గారు 1975లోను, నాగిరెడ్డి గారు 2004లోను కీర్తిశేషులైరి. వడపళనిలోని ఆ చిత్రశాల స్థలమున నేడు వైద్యశాలయు, పెద్ద అంగడియు ఉన్నవి. ‘చందమామ’ కూడ వెలువడుటలేదు. మిగిలినవి చిత్రములు, వాటి తలపై ఆ జెండా.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. ఈ లాంఛనము చిత్రమంతటిలో అతి దుర్బలమైన చోట ఉన్నది. లెక్క చెప్పెదను, వినుడు. సెకండుకు 24 బొమ్మల చొప్పున నడచు ఫిలిము నిమిషమునకు 90 అడుగులు పోవును. పదునైదు సెకండ్ల లాంఛనము సుమారు 22 అడుగులు. మూడు గంటల చిత్రము పదునారువేల అడుగులు. పదునారువేలలో ఈ ఇరువదిరెండు అడుగులు మొదటి చుట్టకు మొదట ఉండును. డబ్బాలలో పెట్టి రైలుమీద ఊరూరికి పంపిన ఫిలిమును యంత్రమునకు ఎక్కించునప్పుడెల్ల చేయి తగులునది ఆ చుట్ట మొదలే. దుమ్ము పట్టునదియు, గీతలు పడునదియు, చినుగునదియు అదియే. చినిగినప్పుడు ఆపరేటరు ఆ ముక్కను కత్తిరించి మిగిలినదానిని అతికించును. అతని తప్పేమియు లేదు. ఆట ఆగరాదు కదా. కాని ఒక్కొక్క ఊరిలో కొన్ని బొమ్మల చొప్పున లాంఛనము తరిగిపోవును. జనగామలోను, మానుకోటలోను రైలు దిగి పల్లెల డేరాలకు చేరునప్పటికి ఆ ఫిలిము ఎన్ని చేతులు మారియుండునో ఊహింపుడు.

ఇది ఒక కారణము. రెండవది ఇంకను దారుణము. ఫిలిముపై బొమ్మ నిలుచుటకు వెండి లవణములు కావలెను. నలుపు తెలుపు చిత్రములో మనము చూచు నీడయంతయు సన్నని వెండిపొడియే. ఆట తీరిన ప్రతులను ఆ వెండికొఱకు కరగించి అమ్ముకొన్నవారు కలరు. వెండితెర చరిత్ర వెండికొఱకే కరగినది. మూడవది అగ్ని. 1950 ప్రాంతమువరకు వాడిన నైట్రేట్ ఫిలిము చటుక్కున అంటుకొను స్వభావము కలది. చిత్రములను భద్రపరచుటకు ప్రభుత్వమువారు పూనాలో 1964లో జాతీయ భాండాగారమును ఏర్పరచిరి. అక్కడ 2003 జనవరిలో నిప్పంటుకొని పాత నైట్రేట్ ఫిలిము చాల నశించెను. 1932లో వెలువడిన మన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ ప్రతి నేడు లభించుటలేదు.

నాలుగవ కారణము నేటిది. ఇప్పుడు పాతచిత్రమును చేతిలోని ఫోనులో చూచుచున్నాము. చేతికందినది మంచిదే. కాని పలుమారు తొలి సెకండ్లను తీసివేసి, ప్రసారము చేయువారు తమ గుర్తును మూలను అంటింతురు. తీసినవారి లాంఛనము పోయి చూపినవారి లాంఛనము మిగులుచున్నది. నూరేండ్ల క్రితము పాతేవారిని భయపెట్టిన పనియే ఇది. ఇందులో దొంగతనము లేకపోవచ్చును, హక్కులు కొనియే చూపుచుండవచ్చును. అయినను ఋణము మరచుట కలదు.

కొందరు అడుగవచ్చును: చిత్రము మిగిలినది చాలదా, చిహ్నము పోయిన నేమి? దీనికి మన సీమయే సమాధానమిచ్చుచున్నది. మానుకోట జిల్లా బయ్యారములో చెరువున్నది. గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినది. ఆ చెరువుకడ వేయించిన శాసనము కాకతీయుల వంశక్రమమును చెప్పుచున్నది. చెరువు నీరిచ్చుచుండెను గదా, రాయి ఏలయని ఎవరైన దానిని పగులగొట్టియుండినచో పంటకు లోటులేదు. కాని వెన్నరాజు మొదలైన ఆ పూర్వుల పేర్లు మనకు ఇంత స్పష్టముగా తెలియకపోయెడివి. భూపాలపల్లి జిల్లా గణపురములోని కోటగుళ్లను చూచినవారు శిల్పుల నైపుణ్యమునకు తలలూపుదురు. కాని ఒక్కొక్క స్తంభము నెవరు చెక్కిరో చెప్పగలవారు లేరు. పని మిగిలి పేరు పోయినచోట మనము పొందు వెలితి అది. చిత్రములకైనను ఆ గతి పట్టకుండ చూచుట మన చేతిలోనున్నది.

మన చేతిలో ఏమున్నదని మీరనవచ్చును. ఫిలిమును కాపాడుటకు చల్లని గదులు కావలెను, ధనము కావలెను. అది ప్రభుత్వముల పని. గ్రంథాలయము చేయదగినది వేరొకటి కలదు. ఆ దినములలో ప్రదర్శనశాల ముంగిట పాటల పుస్తకములు అమ్మెడివారు. కథాసంగ్రహము, నటీనటుల పేర్లు, పాటలు అందులో ఉండెడివి. సంస్థ లాంఛనము తరచుగా అట్టమీదనే ఉండెడిది. ఇవిగాక కరపత్రములు, గోడపత్రికలు. తెరపై తరిగిన లాంఛనము ఆ కాగితములపై మిగిలియున్నది. మన పల్లెలలో ఎన్ని పెట్టెల అడుగున, ఎన్ని అటకలమీద అవి పడియున్నవో! చిత్తుకాగితముల బేరగాడు వచ్చినప్పుడెల్ల కొన్ని పోవుచున్నవి.

కావున కార్యవర్గమునకు మూడు మనవులు. మొదటిది: ఈ రజతోత్సవ సంవత్సరములో ఒక బీరువాను ఇట్టి పాటల పుస్తకములకు, కరపత్రములకు, పాత ‘చందమామ’లకు కేటాయింపుడు. ఇచ్చిన ఇంటివారి పేరు పట్టికలో వ్రాయుడు. రెండవది: వాటిపై మన ముద్రను వెనుకవైపు వేయుడు, బొమ్మమీద వేయకుడు. ఒక లాంఛనమును కాపాడబోయి మరియొక లాంఛనముతో కప్పివేయరాదు. మూడవది: డేరా సినిమాలలో, టాకీసులలో యంత్రము నడిపిన వృద్ధులు మన మూడు జిల్లాలలోను ఇంకను కొందరు కలరు. విద్యార్థులు వారికడకు పోయి, ఏ చిత్రము ఎక్కడ ఆడినదో, ఏ గుర్తు తెరపై ఎట్లు కనబడెడిదో, దానితో ఏ సంగీతము వినబడెడిదో అడిగి వ్రాసికొనవలెను. ఆ జ్ఞాపకము ఏ భాండాగారమునందును లేదు.

చదువు రానప్పుడు మన పెద్దలు బొమ్మను చూచి పేరు తెలిసికొనిరి. వారి బిడ్డలకు చదువు వచ్చినది. ఈ గ్రంథాలయము అందులో తనవంతు పని చేసినది. చదువు వచ్చినవారు మొదట చేయవలసినది, చదువురాని తమ పెద్దలు గుర్తుపట్టిన వాటిని అక్షరములలో వ్రాసి పెట్టుటయే. రాజుల వరాహము శాసనములలో నిలిచినది. కవల బాలుర బూరలును, విజయుని జెండాయు నిలుచుటకు అటువంటి రాయి లేదు. ఈ బీరువాయే వాటికి రాయి కావలెను.

 ఈ గ్రంథాలయము సువర్ణోత్సవమును, శతజయంతిని కూడ జరుపుకొనవలెనని కోరుచు విరమించుచున్నాను.